ఎగిరే నీళ్ళకు ఆకు గొడుగు

పల్నాటి ఎండకు రాళ్ళు కూడా నీడ వెతుక్కుంటాయి. అలాంటి ఎండలు కాసే ఊరి చివర, నర్సమ్మగారి పెరట్లో, ఇటుకల దిమ్మె మీద ఒక వెడల్పాటి మట్టి మూకుడు ఉండేది. ఆవిడ పొద్దున్నే ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తూ దాని నిండా నీళ్ళు పోసి గేటు వేసుకునేది. ఆ పెరటికి ఏరన్నా, చెరువన్నా, కుళాయన్నా ఆ మూకుడే. గోరింకలు పోట్లాడుకుంటూ తాగేవి. పిచ్చుకలు ముక్కు ముంచి, తలెత్తి ఆకాశానికి చూపించి మింగేవి. కాకి ఎక్కడో ఎత్తుకొచ్చిన ఎండు రొట్టె నానబెట్టుకునేది. పొద్దువాలాక కూడా అడుగున రెండు గుక్కలు మిగిలేవి. ఎవరూ ఎవరికీ దణ్ణం పెట్టనక్కర్లేకుండానే రోజులు గడిచిపోయేవి. అలాంటి రోజుల్ని లోకం ఎక్కువకాలం ఉండనివ్వదు.

ఆ పెరట్లోనే మందార చెట్టు గుబురులో పికిలిపిట్ట సిగమ్మ గూడు కట్టుకుంది. తల మీద నల్లటి సిగ, తోక కింద ఎర్రటి పట్టీ, నోట్లో నాలుక ఉందో లేదో అన్నంత నెమ్మది. గూట్లో పిల్లలకు ఇంకా ఈకలు రాలేదు. ఒళ్ళంతా నోళ్ళే. తేమ తగలకపోతే ఆ వడగాలిలో వాళ్ళు పూట కూడా బతకరని సిగమ్మకు తెలుసు. అందుకే రోజంతా మూకుడుకీ గూటికీ మధ్య తిరుగుతూ గొంతులో పట్టినంత నీళ్ళు మోసేది.

ఒకరోజు నర్సమ్మగారు ఫోనులో చూసి తెప్పించిన వస్తువొకటి అట్టపెట్టెలోంచి బయటికి తీసింది. సోలార్ ఫౌంటెనట. గుండ్రటి నల్ల పలక, దాని మధ్యలో వేలెడు గొట్టం. మూకుట్లో నీళ్ళు పోసి దాన్ని పైన తేలేసింది. అప్పటికే ఎండ మూకుడు మీద పడుతోంది. పలకకు ఎండ తగిలిందో లేదో, గొట్టంలోంచి నీళ్ళు జివ్వున పైకి లేచి, గొడుగులా విచ్చుకుని, జలజలా రాలాయి. ఆవిడ మురిసిపోయింది. పక్షులకు చల్లగా ఉంటుందని వీడియో తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. మనసు మంచిదే. అయితే, మంచి మనసులు గేటు వేసుకుని వెళ్ళిపోయిన తరువాతే అసలు కథ మొదలవుతుంది.

పిట్టలన్నీ గోడెక్కి కూర్చున్నాయి. నీళ్ళు కిందికి పారడం చూశాయి గాని పైకి ఎగరడం ఎన్నడూ చూడలేదు. పాము లేచిందన్నాయి పిచ్చుకలు. కాకి పున్నయ్య పామేమీ కాదన్నాడు గాని, తనూ దగ్గరికి వెళ్ళలేదు.

అప్పుడు మూకుడు కింద, మెట్టతామర మొక్కల మొదట్లోంచి ఒక గొంతు వినిపించింది. అక్కడ పగిలిన పూలకుండీ ఒకటి మట్టిలో సగం కూరుకుపోయి ఉంది. అందులో బోదురుకప్ప ఉంటుంది, పేరు బోదురయ్య. ఎండాకాలమంతా మట్టిలో దూరి మొహం చూపించని శాల్తీ.

భయపడకండి, అది జలదేవత అన్నాడాయన. ఆ సంగతి తనకెలా తెలుసంటే, తమది వానదేవుడి చుట్టరికం ఉన్న ఇల్లట. వానలు లేని ఏడు ఊళ్ళో ఆడవాళ్ళు కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయిస్తారు కదా. ఆ కప్పతల్లి ఆయనకు సొంత మేనత్త.

"మా మేనత్తను ఊరంతా ఊరేగించారు. ఆ వారంలోనే చెరువు అలుగు పారింది," అన్నాడు బోదురయ్య.

"ఊరేగలేదయ్యా, వేలాడింది. నేను చూశాను. కళ్ళు తేలేసింది," అన్నాడు పున్నయ్య గోడ మీది నుంచి.

"పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు అలాగే ఉంటారు," అన్నాడు బోదురయ్య తొణక్కుండా.

తరువాత కట్టుబాట్లు చెప్పాడు. దేవత ఆడుతున్నంతసేపూ మూకుట్లో ముక్కు పెట్టకూడదు. నల్ల పలక మీద కాలు మోపకూడదు. చుట్టూ నిలబడి తల వంచి ఉండాలి. ఆట అయిపోయాకే తాగాలి. అందరూ సరేనన్నారు. ఎందుకన్నారంటే, వాళ్ళకు తెలిసింది ఒక్కటే: కప్ప అరుస్తుంది, వాన పడుతుంది. తాతల నాటి నుంచీ అంతే. వాన ముందా అరుపు ముందా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అడిగే అలవాటు లేని చోట కప్ప కూడా గురువైపోతుంది.

ఆ రోజంతా పిట్టలు మూకుడు చుట్టూ తలలు వంచుకుని నిలబడ్డాయి. దేవత ఆడింది, ఆడింది, పొద్దు గుంకేదాకా ఆడింది. తీరా ఆట ఆగి ముక్కులు ముంచబోతే అడుగున తడి తప్ప ఏమీ లేదు. పిచ్చుకలు మూకుడు గోడలు గీరుకున్నాయి.

గోరింక కోటమ్మ నోరున్న మనిషి. నీళ్ళెక్కడికి పోయాయని పైకే అడిగేసింది. బోదురయ్య దానికీ జవాబు సిద్ధంగా ఉంచుకున్నాడు. ఎగిరిన నీళ్ళు మేఘాల్లో చేరుతున్నాయట. అక్కడ కూడి కూడి వానాకాలంలో అందరికీ ఒక్కసారే దిగుతాయట. అంతదాకా ఓర్చుకోవడమే మన కర్తవ్యమట. "నేటి దాహమే రేపటి ప్రవాహం" అని ఒక మాట కట్టి ఇచ్చాడు. పిచ్చుకలకు ఆ మాట తెగ నచ్చింది. తాగడానికి లేదు గనక దాన్నే పలుకుతూ కూర్చున్నాయి. దాహమన్నవాడికి నినాదం ఇవ్వడమంత చవకైన దానం లోకంలో ఇంకొకటి లేదు.

సాయంత్రం నర్సమ్మగారు తిరిగొచ్చేసరికి పిట్టలన్నీ ఇంకా వరసగా తలలు వాల్చుకునే ఉన్నాయి. ఆవిడ కళ్ళు చెమర్చాయి. పక్షులు కూడా ధ్యానం చేస్తున్నాయని మళ్ళీ వీడియో తీసింది. దాహాన్ని భక్తి అనుకోవడం ఈ దేశంలో కొత్త సంగతేమీ కాదు.

ఇలాగే రోజులు గడుస్తున్నాయి. పొద్దున నీళ్ళు పోయడం, పోయీపోయకముందే దేవత లేవడం, సాయంత్రానికి మూకుడు ఎండడం. సిగమ్మ దూరాన పొలాల దాకా ఎగిరి, పురుగో పండో తెచ్చి పిల్లల నోట్లో పిండేది. అది చాలేది కాదు. ఒక పూట గూటికి వచ్చి చూస్తే పిల్లలు నోళ్ళు తెరిచారు గాని చప్పుడు రాలేదు.

ఆమె తిన్నగా పూలకుండీ దగ్గరికి పోయింది. మెట్టతామర ఆకులు అడ్డంగా ఉన్నాయి, బోదురయ్య వాటి లోపలి నుంచే పలికాడు.

"తాతా, దేవతతో నువ్వొక మాట చెప్పు. కాసేపు ముందుగా ఆట ఆపమను. నా పిల్లలు ఈ రోజు దాటేలా లేరు," అంది సిగమ్మ.

"అమ్మాయీ, నీ గూడు ఎక్కడుంది?"

"మందార కొమ్మ మీద."

"నాదెక్కడుంది?"

సిగమ్మ కుండీ వైపు చూసి, "మట్టిలో," అంది.

"అదీ సంగతి. నువ్వు పైనున్నదానివి. నేను అట్టడుగువాణ్ణి. తరతరాలుగా మీ అందరి కాళ్ళ కింద బతుకుతున్నవాణ్ణి. నా ఒళ్ళు బీటలు వారింది, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అయినా నేను ఒక్క గుక్క అడిగానా? పైనున్నవాళ్ళకే తొందర ఎక్కువ."

సిగమ్మకు సిగ్గేసింది. కొమ్మ మీద పుట్టడం నా తప్పా అనుకుంది మొదట. తప్పే కాబోలు అనుకుంది తరువాత. అట్టడుగు అన్న మాటకున్న బరువు అది. నిజంగా అడుగున నలిగినవాళ్ళు తమ చెమటతో సంపాదించుకున్న మాట. దాన్ని ఎవడెత్తుకుపోయినా ఎదుటివాడి తల వంచుతుంది. దొంగలకు ఆ సంగతి అందరికన్నా ముందు తెలుస్తుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పడమటి గాలి బలంగా లేచింది. పిట్టలు తలలు వంచుకుని నిలబడ్డాయి. ఉన్నట్టుండి పూలకుండీలోంచి పాట మొదలైంది. బెకబెకబెక అని గొంతు నిండుగా, దరువు తప్పకుండా, మద్దెల వాయించినట్టు. పిచ్చుకలు గంతులేశాయి. కప్ప అరిచింది, ఇక వానే అన్నాయి. అన్నీ ఆకాశం వైపు చూశాయి. అక్కడ మేఘం కాదు గదా, పొగ కూడా లేదు.

సిగమ్మ ఒక్కతే ఆకాశం చూడలేదు. పాట వింటోంది. వింటుంటే ఆమె ఒంట్లో ఏదో రాజుకుంది. నా పిల్లలకు ఏడవడానికి గొంతులో తడి లేదు, ఈయనకు పాడటానికి ఎక్కడిది? నాలుక అంగిట్లో అతుక్కుపోయిన గొంతా ఇది? వానలో తడిసిన కప్ప పాడుతుంది గాని, కప్ప పాడిందని వాన పడుతుందా?

చప్పుడు చేయకుండా మూకుడు అవతలి వైపుకి ఎగిరి మెట్టతామర ఆకుల సందులోంచి తొంగి చూసింది.

గాలి పడమటి నుంచి వీస్తోంది. ఫౌంటెన్ ఎగజిమ్మిన నీళ్ళను ఆ గాలి ఎత్తి మూకుడు అంచు దాటించి తూర్పు వైపు కుమ్మరిస్తోంది. తూర్పు వైపున ఉన్నది పూలకుండీ. కుండీ చుట్టూ గుంట, గుంట నిండా నీళ్ళు. ఆ నీళ్ళలో మెడ దాకా మునిగి, కళ్ళు అరమోడ్చి, నెత్తి మీద చినుకులు పడుతుంటే ఒళ్ళు మరిచి పాడుతున్నాడు అట్టడుగు బోదురయ్య. గట్టున కాకి పున్నయ్య రొట్టెముక్క నానబెట్టుకుంటున్నాడు.

పున్నయ్య ఆమెను చూడనే చూశాడు. ఏ ఎండకా గొడుగు పట్టేవాడు గనక కంగారు పడలేదు.

"చూసింది చూడలేదనుకో, సిగమ్మక్కా. ఇటు పక్కగా వచ్చి రోజూ గుక్కెడు తీసుకుపో. పాడుకునేటప్పుడు ఆయనకు ఒళ్ళు తెలియదు. మనం మనం ఒకటి," అన్నాడు మెల్లగా.

సిగమ్మ గొంతు నిండా నీళ్ళు పట్టుకుని గూటికి పోయి పిల్లల నోళ్ళలో పోసింది. మళ్ళీ వచ్చి మళ్ళీ పట్టుకుపోయింది. పిల్లలు కీచుమన్నారు. పున్నయ్య నవ్వుకున్నాడు, ఇదీ మన జట్టే అనుకున్నాడు. తల్లి అన్నది ముందు పిల్లల గొంతు తడుపుతుంది, ఆ తరువాతే తిరగబడుతుంది. అది కాకికి తెలియదు.

ఇప్పుడు పోయి ఉన్నదున్నట్టు చెబితే ఎవరు నమ్ముతారని ఆలోచించింది సిగమ్మ. చూద్దాం పదండంటే పిట్టలు వచ్చేలోపు బోదురయ్య బురదలో దూరి, పైనున్నవాళ్ళు కిందివాడి ఇంట్లోకి తొంగి చూస్తున్నారని గగ్గోలు పెడతాడు. మాటతో ఆయన్ని గెలవడం కుదరదు. మరి ఆయన మాటతోనే ఆయన్ని గెలిస్తే? ఎండ పోగానే దేవత ఆట ఆగడం ఆమె రోజూ చూస్తున్నదే.

రాలిన బాదం ఆకు ఒకటి, విస్తరంత ఉన్నది, ముక్కున కరుచుకుని మూకుడు అంచు మీద వాలింది. జన్మలో అంతమంది ముందు ఆమె మాట్లాడి ఎరగదు.

"కోటమ్మ వదినా, నాకొక అనుమానం. ఈ దేవత పొద్దున్నుంచీ నడినెత్తిన ఎండలో నిలబడి ఆడుతోంది. మన కోసమే గదా. మనలో ఒక్కరైనా ఇంత నీడ పట్టామా?"

కోటమ్మ తెల్లబోయింది. పట్టలేదంది.

"చాకిరీ చేసేవాళ్ళకు విశ్రాంతి హక్కు లేదా?"

హక్కు అన్న మాట వినగానే పిచ్చుకలకు ఊపొచ్చింది. ఉంది, ఉంది అని అరిచాయి. ఇన్నాళ్ళూ వాళ్ళకు నేర్పింది అరవడమే గదా. దేవతకు నీడ కావాలి, దేవతకు సెలవు కావాలి అని పెరడంతా ఒకటే గోల.

ఆ గోలలోనే సిగమ్మ ఆకును నల్ల పలక మీద పరిచింది. కాలు మోపలేదు, ముక్కు ముంచలేదు. కట్టుబాటు ఒక్కటీ తప్పలేదు. రాలుతున్న చినుకులే ఆకును తడిపి పలకకు అతికించాయి. ఎగిరే నీళ్ళు మూరెడుకు తగ్గాయి, జానెడుకు తగ్గాయి, గొట్టంలో బుడుక్కుమని ఆగిపోయాయి.

కోటమ్మ రెక్కలు బిగబట్టింది. పిడుగు పడలేదు. భూమి బద్దలవలేదు. మూకుట్లో నీళ్ళు మాత్రం తళతళలాడుతూ నిలబడి ఉన్నాయి.

"దేవత నిద్రపోయింది. ఆట అయిపోయాక తాగమనే గదా తాత చెప్పాడు," అంది సిగమ్మ.

ఇక చూడాలి. గోరింకలు, పిచ్చుకలు, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక గువ్వల జంట, అన్నీ మూకుడు మీద పడ్డాయి. ఎవరూ ఎవరినీ తొయ్యలేదు. నీళ్ళు చాలినప్పుడు ఎవరికీ తొయ్యాల్సిన పని ఉండదు.

కింద బోదురయ్య నెత్తిన చినుకు పడటం ఆగింది. పాట తెగింది. ఆట ఎందుకు ఆగిందని కేకేశాడు. పైన తాగే సందడిలో ఎవరికీ వినపడలేదు. ఆకు పెట్టారని పున్నయ్య చెవిలో వేశాడు. ఆకు తీయండి, అపచారం, అరిష్టం అని అరిచాడు. అదీ వినపడలేదు. గుంటలో నీళ్ళు మట్టి పీల్చుకోవడం మొదలుపెట్టింది. బోదురయ్యకు కంగారు పుట్టింది. కంగారు పుడితే కప్ప చేసే పని ఒకటే. ఎగిరి బయటపడ్డాడు.

పట్టపగలు, అందరి ముందు, ఎండలో వచ్చి నిలబడ్డాడు. నూనె రాసుకున్నట్టు నిగనిగలాడే ఒళ్ళు, నగారా లాంటి పొట్ట, మెడ దాకా చల్లటి బురద. ఆయన ఒంటి నుంచి కారిన చుక్కలు కాలే నేల మీద పడి సుయ్యిమన్నాయి.

తాగుతున్న పిట్టలు ఒక్కొక్కటే తలలెత్తాయి.

"తాతా, ఒళ్ళు బీటలు వారిందన్నావే. ఎక్కడో చూపించు, నర్సమ్మగారింట్లో మందు ఉండకపోదు," అంది కోటమ్మ.

బోదురయ్య తన ఒళ్ళు తను చూసుకున్నాడు.

"ఇది చెమటమ్మా," అన్నాడు. "శ్రమజీవి చెమట."

"చెమటలో దోమపిల్లలు ఈదుతాయా, తాతా?" అంది ఒక ముసలి పిచ్చుక ఆయన వీపు వైపు చూస్తూ.

నవ్వు ముందు గువ్వల దగ్గర పుట్టింది. పెరడంతా పాకింది. గువ్వలు నవ్వగా ఎవరూ చూసి ఉండరు. పున్నయ్య అప్పటికే గోడెక్కి, ఈ కప్ప మీద తనకు మొదటి నుంచీ అనుమానమేనని, దొంగ గురువులు నశించాలని అందరికన్నా గట్టిగా అరుస్తున్నాడు. ఆయన ముక్కుకు నానిన రొట్టె ఇంకా అంటుకునే ఉంది. కోటమ్మ అది చూసి ఒక్క పోటు పొడిచింది. ఆ సాయంత్రం దాకా ఆయన అరుపు వేరే పెరట్లోంచి వినపడింది.

ఆ మర్నాటి నుంచి ఆకు కప్పే పని పిట్టలు వంతులవారీగా చేసుకున్నాయి. అందరూ తాగి, మోసుకోవలసినవాళ్ళు మోసుకున్నాక, ఎండ వాలేలోపు కాసేపు ఆకు తీసి మళ్ళీ కప్పేవి. నీళ్ళు ఎగిరితే పిల్ల పిచ్చుకలు వాటి కింద దూరి స్నానాలు చేసేవి. అప్పుడది దేవత కాదు, ఆటవస్తువు. ఆటవస్తువుగా చాలా మంచి వస్తువు కూడా. నర్సమ్మగారు మాత్రం ఇంటికి రాగానే ఆకు తీసి చూసి, ఇది నాసిరకం సరుకని, నాలుగు రోజులకే ఆగిపోయిందని ఫోనులో ఎవరికో చెప్పుకుంది. ధ్యానం వీడియోకు వచ్చినన్ని మెచ్చుకోళ్ళు, పిట్టలు నీళ్ళు తాగే వీడియోకు రాలేదట.

పూలకుండీ చుట్టూ గుంట ఎండిపోయింది. బోదురయ్య ఒళ్ళు ఈసారి నిజంగానే బీటలు వారింది. ఒక పూట దిమ్మె కింద కూలబడి, పైకి చూసి నోరు తెరిచాడు. ఏ నినాదమూ రాలేదు.

మూకుడు అంచు మీద సిగమ్మ ఉంది. పక్కన ఆమె పిల్లలు, కొత్త ఈకలతో, నెత్తిన చిన్న చిన్న సిగలతో.

"ఎక్కి రా, తాతా. నీళ్ళు అందరివీ. కాకపోతే మాలాగే అందరి ముందూ తాగాలి," అంది సిగమ్మ.

బోదురయ్య ఇటుకలు పట్టుకుని ఎక్కాడు. పొట్ట జారింది, మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ జారాడు. పిల్ల పిచ్చుకలు నేటి దాహమే రేపటి ప్రవాహం అని లయగా పాడి హుషారు చేశాయి. చివరికి పైకి చేరి, పిచ్చుకల వెనక నిలబడి, తన వంతు రాగానే తలదించి తాగాడు. ఆ ఏడు తొలకరి పడ్డప్పుడు ఆయన గొంతెత్తి పాడాడు. పాట బాగుందని అందరూ అన్నారు. వాన తెచ్చావని మాత్రం ఎవరూ అనలేదు.

ఎగిరే నీళ్ళకు మొక్కే ముందు, అవి ఎవరి గుంటలో పడుతున్నాయో చూసుకోవాలి.